క్యాసెట్ నిండింది, ఎక్కడ పొయ్యాలి?

మోటార్‌హోమ్, అంటే పడకా వంటగదీ ఉన్న బండి. దాని టాయిలెట్‌లో చిన్న ఎర్ర లైటు ఒకటి ఉంటుంది. అది వెలిగిందంటే సీటు కింద మలమూత్రాలు చేరే పెట్టె, అంటే క్యాసెట్, నిండిందని లెక్క. మాకది వెలిగింది ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్‌లో, రిబుల్‌హెడ్ రైలు వంతెన దగ్గర, రాత్రి ఎనిమిదిన్నరకి. జూన్ నెల కాబట్టి బయట ఇంకా పట్టపగల్లా ఉంది. 24 కమానుల వంతెన, దాని కింద గొర్రెలు, ఫోటోలు తీసుకునే జనం. బండిలో నలుగురం: నేను, మా ఆయన, గుంటూరు నుంచి వేసవికి వచ్చిన అమ్మా నాన్నా. అమ్మకి షుగరు, రాత్రి మూడుసార్లు లేస్తుంది. పొద్దున్న చూద్దాంలే అనుకునే వీల్లేదు.

రోడ్డు పక్కన ఇనప జాలీ వేసిన కాలువ నోరు కనబడింది. "ఎవరూ చూడకపోతే ఇందులో..." అని మా ఆయన సగం నవ్వుతూ అన్నారు. నాన్న ఇరిగేషన్‌లో ఏఈగా చేసి రిటైరయ్యారు. జాలీ మీదకి వంగి చూసి, "ముందు ఈ తూము ఎటు పోతుందో చూడండి అల్లుడు గారూ" అన్నారు.

ఆయన అలవాటు కొద్దీ అన్న మాట అది. ఆ తర్వాత వారం రోజులు పల్లెల్లో తిరిగి, రకరకాల మూతలెత్తి చూశాక, మొత్తం వ్యవహారానికి తాళంచెవి ఆ ప్రశ్నేనని నాకు అర్థమైంది. ఇంగ్లండ్‌లో క్యాసెట్ ఎక్కడ ఖాళీ చేయొచ్చు, ఎక్కడ కూడదు, ఒకచోట సరేనన్నది పక్క పొలంలో ఎందుకు కాదంటారు, అన్నిటికీ జవాబు ఆ గొట్టం రెండో కొసలో ఉంటుంది.

ముందు మన జాలీ సంగతి. అది వాన నీటి కోసం పెట్టింది. పాత పట్టణాల్లో వాన నీరూ ఇళ్ల మురుగూ చాలాచోట్ల ఒకే గొట్టంలో కలుస్తాయి. తర్వాత కట్టిన కాలనీల్లో వేటి దారి వాటిదే. పల్లె రోడ్ల మీద అయితే జాలీలో పడింది మామూలుగా పక్క బోదెలోకి, అక్కణ్నుంచి వాగులోకి పోతుంది. మధ్యలో శుద్ధి చేసే వాళ్లెవరూ ఉండరు. కొన్ని ఊళ్లలో జాలీ పక్కన పసుపు రంగు చేప బొమ్మ కనిపిస్తుంది. పిల్లలు సరదాకి వేశారేమో అనుకునేదాన్ని. ఇందులో పోసింది నేరుగా చేపల దగ్గరికే పోతుందని చెప్పడానికి ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ నడిపిన ప్రచారమట అది. అనుమతి లేకుండా ఇలాంటివి నీళ్లలోకి వదలడం 2016 నాటి ఎన్విరాన్‌మెంటల్ పర్మిటింగ్ నిబంధనల కింద నేరం కూడా.

రిబుల్‌హెడ్ చుట్టుపక్కల ఇంకో చిక్కుంది. అది సున్నపురాయి నేల. మన బెలూం గుహలు చూసినవాళ్లకి ఆ రాయి సంగతి చెప్పక్కర్లేదు. లోపలంతా సొరంగాలు. అక్కడికి దగ్గర్లోనే గేపింగ్ గిల్ అని ఒక బిలం ఉంది. ఫెల్ బెక్ అనే వాగు దాదాపు 100 మీటర్ల లోతుకి అందులో దూకి మాయమైపోతుంది. మళ్లీ క్లాపమ్ ఊరి పైన, ఇంగిల్‌బరో గుహ దగ్గర బయటపడుతుంది. మట్టిలో ఇంకితే కాస్తయినా వడపోత జరుగుతుంది, రాతి పగుళ్లలో అది కూడా ఉండదు. ఊటనీళ్లు పట్టుకుని తాగే ఇళ్లు ఇలాంటి కొండ ప్రాంతాల్లో ఇంకా ఉన్నాయి. "పొదల్లో పోస్తే ఎరువేగా" అనేవాళ్లకి నేను ఈ బిలం కథ చెబుతుంటాను.

బండిలో పోగయ్యేవి మూడు. చెత్త సంగతి సులువు, కట్టి ఉంచుకుంటే ఎక్కడో ఒక చోట డబ్బా దొరుకుతుంది. సింకు, షవరు నీళ్లు బండి అడుగున ట్యాంకులో చేరతాయి. వాటిని గ్రే వాటర్ అంటారు, వాటి దగ్గరికి తర్వాత వస్తాను. అసలు తలనొప్పి క్యాసెట్. మోడల్‌ని బట్టి 17 నుంచి 20 లీటర్లు పడుతుంది. కాగితంతో సరిపెట్టుకునే ఇద్దరు మనుషులకి రెండు మూడు రోజులు వస్తుంది. మనం చెంబు మనుషులం. మాకు ఒకటిన్నర రోజుకే లైటు వెలిగింది. బండి అద్దెకిచ్చిన వాళ్లు "మూడు రోజులకి ఢోకా లేదు" అన్నారుగానీ, వాళ్ల లెక్కలో చెంబు లేదు. తర్వాత సన్న మూతి ఉన్న పిండే సీసా ఒకటి కొని అమ్మకిచ్చాం. మొదట ముఖం చిట్లించింది, తర్వాత గుంటూరుకి కూడా పట్టుకెళ్లింది. దాంతో క్యాసెట్ రెండు రోజులకి పైగా ఆగింది.

వెతకడం మొదలెడితే మొదట పేర్లే తికమక పెడతాయి. క్యాసెట్ పొయ్యడానికి కట్టిన చోటుని కెమికల్ డిస్పోజల్ పాయింట్ అంటారు, బోర్డుల మీద సీడీపీ అని ఉంటుంది. అదే చోటుని జనం నోట ఎల్సాన్ పాయింట్ అంటారు. ఎల్సాన్ అన్నది ఒక పాత బ్రిటిష్ కంపెనీ పేరు, రసాయన టాయిలెట్లు చేసేది. రెండో ప్రపంచ యుద్ధంలో లాంకాస్టర్ బాంబర్ విమానాల్లో పెట్టింది వాటినే. మనం ఏ ఫోటోకాపీనైనా జిరాక్స్ అన్నట్టు, వీళ్లకి ఆ గుంట ఎవరు కట్టినా ఎల్సానే. మూడో పేరు మోటార్‌హోమ్ సర్వీస్ పాయింట్. ఇది వేరే వస్తువు. బండిని తోలుకొచ్చి జాలీ మీద నిలబెట్టి గ్రే ట్యాంకు వదిలి, మంచినీళ్లు పట్టుకునే చోటు. పక్కనే సీడీపీ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మ్యాపులో సర్వీస్ పాయింట్ గుర్తు చూసి క్యాసెట్‌తో పరిగెత్తి భంగపడ్డవాళ్లలో మేమూ ఉన్నాం.

సరే, అవి ఎక్కడుంటాయి? ఫ్రాన్సులో తిరిగొచ్చిన మిత్రులు, ఊరూరా పంచాయతీవాళ్లు కట్టిన చోట్లుంటాయి, డబ్బులేసి వాడుకుని పోవడమే అని చెబుతారు. అది నిజమే. అదే ఊహతో ఇంగ్లండ్ రోడ్డెక్కితే మాత్రం దెబ్బతింటాం. ఇక్కడ సీడీపీ విడిగా రోడ్డు పక్కన దొరికే వసతి కాదు. దాదాపు ఎప్పుడూ రాత్రి బస చేసే సైటులో ఒక భాగంగానే ఉంటుంది. ఎందుకలా అంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో ఇళ్లు చాలక వేలమంది క్యారవాన్లలో, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే బండి ఇళ్లలో, కాపురాలు పెట్టారు. నీళ్లు, మురుగు సౌకర్యం లేని పొలాల్లో బస్తీలు పుట్టుకొచ్చాయి. దీని మీద 1959లో సర్ ఆర్టన్ విల్సన్ నివేదిక వచ్చింది. మరుసటి ఏడాది, అంటే 1960లో, క్యారవాన్ సైట్స్ అండ్ కంట్రోల్ ఆఫ్ డెవలప్‌మెంట్ చట్టం చేశారు. దాని ప్రకారం మనుషులుండే క్యారవాన్ పెట్టుకోనివ్వాలంటే ఆ నేలకి లైసెన్సు కావాలి. క్యారవాన్ అంటే ఏమిటన్న నిర్వచనంలో, నివాసానికి వీలుగా తయారుచేసిన మోటారు వాహనం కూడా ఉంది. అంటే మన మోటార్‌హోమ్ చట్టం దృష్టిలో క్యారవానే. కాపురాల గొడవ తీర్చడానికి పుట్టిన చట్టం కిందికి సెలవుల్లో తిరిగే బండి కూడా వచ్చి కూర్చుంది. ఊరి కౌన్సిల్ కార్ పార్కులో రాత్రి బండి పెట్టుకోనిచ్చి పక్కన సీడీపీ కట్టడం ఫ్రాన్సు పంచాయతీకి ఉన్నంత తేలిక కాకుండా పోయింది.

అలాగని అసలే లేవనుకోకండి. కాంటర్‌బరీలో న్యూ డోవర్ రోడ్ పార్క్ అండ్ రైడ్ (ఊరి అంచున కారు ఆపి బస్సెక్కే చోటు) దగ్గర మోటార్‌హోమ్‌లకి వేరే చోటు, క్యాసెట్ పొయ్యడానికి, గ్రే నీళ్లు వదలడానికి ఏర్పాట్లు చాలా ఏళ్లుగా నడుస్తున్నాయి. ఇలాంటివి ఇంకా కావాలని క్యాంప్రా అనే సంస్థ కౌన్సిళ్ల వెంట పడుతోంది. అయినా మన ప్రయాణమంతా వీటి మీద ఆధారపడి వేసుకునేటన్ని లేవు.

ఆ 1960 చట్టంలోనే ఒక కిటికీ ఉంది, పల్లెల్లో తిరిగేవాళ్లకి ప్రాణం పోసేది అదే. మినహాయింపు పొందిన సంస్థలు, ఒక పొలంలో ఐదు బండ్ల వరకు ఉండేలా చిన్న సైటుకి తామే సర్టిఫికెట్ ఇవ్వొచ్చు, కౌన్సిల్ లైసెన్సుతో పనిలేదు. రెండు పెద్ద క్లబ్బులు ఈ పని చేస్తాయి. 1907లో మొదలైన క్యారవాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్ ఇచ్చేవాటిని సర్టిఫికేటెడ్ లొకేషన్లు అంటారు, వాడుకలో సీఎల్. 1901 నాటి క్యాంపింగ్ అండ్ క్యారవానింగ్ క్లబ్ ఇచ్చేవి సర్టిఫికేటెడ్ సైట్లు, సీఎస్. దేశమంతా కలిపితే వేలల్లో ఉంటాయి. చాలావరకు రైతుల పొలాలు, పబ్బు వెనక గడ్డి మైదానాలు. షవరు ఉండకపోవచ్చు, కరెంటు ఉండకపోవచ్చు. తాగునీటి కుళాయి, క్యాసెట్ పొయ్యడానికి చోటు మాత్రం ఉంటాయి. క్లబ్బు సభ్యులకే అన్న షరతుంది. వారం తిరిగేట్టయితే సభ్యత్వం డబ్బులు బస ఖర్చులోనే వెనక్కొస్తాయని నా అనుభవం.

ఈమధ్య ఇంకో తలుపు తెరిచారు. 2023 జులై నుంచి ఇంగ్లండ్‌లో రైతు ఏడాదికి 60 రోజుల పాటు, 50 చోట్ల వరకు, ప్రత్యేకంగా ప్లానింగ్ అనుమతి తీసుకోకుండా తాత్కాలిక క్యాంప్‌సైట్ నడపొచ్చు. గుడారాలు, క్యాంపర్‌వ్యాన్లు రావొచ్చు, తోక బండిలా లాక్కొచ్చే క్యారవాన్లు రాకూడదు. 1960లో ఒకే గాట కట్టిన రెంటినీ ఇక్కడ విడదీశారన్నమాట. టాయిలెట్లు, వ్యర్థాల ఏర్పాటు చేయాలని ఆ నిబంధనలోనే ఉంది. కానీ అది తాత్కాలిక సైటు. వాళ్లు పెట్టింది మీ క్యాసెట్‌కి పనికొస్తుందా లేదా అన్నది ఫోను చేసి అడగాల్సిందే.

పబ్బుల దగ్గర ఉచితంగా రాత్రి ఆగనిచ్చే ఏర్పాట్లు బాగుంటాయి, భోజనం అక్కడే చేస్తే మర్యాద. అక్కడ సీడీపీ ఉంటుందని ఆశ పెట్టుకోకూడదు. పబ్బు టాయిలెట్లో క్యాసెట్ దింపడం ఎంత సిగ్గుమాలిన పనో వేరే చెప్పాలా? మోటార్‌వే సర్వీసుల్లో కూడా ఇది మామూలుగా ఉండే వసతి కాదు.

కాలవల సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మ్యాపుల్లో ఎక్కువమంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఇంగ్లండ్ కాలవల వెంట ఎల్సాన్ పాయింట్లు చాలానే ఉన్నాయి. పడవల్లో కాపురముండేవాళ్లకీ ఇదే క్యాసెట్ బాధ కదా. అవి కెనాల్ అండ్ రివర్ ట్రస్టువి, లైసెన్సున్న పడవల వాళ్ల కోసం. చాలావాటికి తాళం ఉంటుంది, వాటర్‌వేస్ కీ అనే ఒకే రకం తాళంచెవితో తెరుచుకుంటాయి. ఆ తాళంచెవి బజార్లో కొనుక్కోవచ్చు. అందుకని కొందరు మోటార్‌హోమ్ వాళ్లు కొనేసి వాడేస్తుంటారు. ఖర్చు పడవల వాళ్ల లైసెన్సు డబ్బుల్లోంచి పోతుంది. అది దొంగతనం లాంటిదేనని నా అభిప్రాయం.

మళ్లీ ఆ రాత్రికి వస్తాను. క్లబ్బు జాబితాలో పది మైళ్ల లోపున్న ఒక సీఎల్‌కి ఫోను చేశాను. ఎత్తింది పెద్దావిడ. చోటుందా అని అడిగితే, "ఉంది. మీరు వాడే మందు ఏ రంగు?" అంది. నాకు అర్థం కాలేదు. "నీలమా, ఆకుపచ్చా?" బండిలో చూస్తే నీలం సీసా. "రండి, పడుకోండి. కానీ నీలం నా ట్యాంకులో పోయనివ్వను" అంది.

ఇదీ చాలామందికి తెలియని చిక్కుముడి. క్యాసెట్‌లో వాసన రాకుండా ఒక మందు పోస్తాం. సంప్రదాయంగా నీలం రంగువాటిలో ఫార్మాల్డిహైడ్ లాంటి క్రిమినాశకాలు ఉంటాయి, బ్యాక్టీరియాని చంపి వాసన ఆపుతాయి. పట్టణంలో పెద్ద మురుగు గొట్టంలోకి పోతే అది లక్షల లీటర్లలో కలిసి పల్చబడిపోతుంది. పల్లెలో ఒంటరి ఇళ్లకి ఆ గొట్టం ఉండదు. ఉండేది సెప్టిక్ ట్యాంకు, దాని నడకే బ్యాక్టీరియా మీద. నలుగురున్న ఇంటికి ఇక్కడి భవన నిబంధనల ప్రకారం ట్యాంకు కనీసం 2,700 లీటర్లుండాలి. ఐదు బండ్లు వచ్చి తలా 20 లీటర్లు నీలం మందు కలిపింది పోస్తే ఒక్క విడతకి 100 లీటర్లు. నాలుగు రోజులు సెలవులొస్తే లోపలున్న సూక్ష్మజీవులు చచ్చి ఊరుకుంటాయి. కుళ్లాల్సింది కుళ్లకుండా గడ్డలుగా పైపుల్లోకి పోయి, నీళ్లు ఇంకే పొలాన్ని పూడ్చేస్తుంది. పైగా 2020 జనవరి నుంచి సెప్టిక్ ట్యాంకు నీళ్లు నేరుగా వాగులోకి వదలకూడదు, నేలలోనే ఇంకాలి. ఆ ఇంకుడు పొలం పాడైతే బాగుచేయించే ఖర్చు ఆ రైతుదే. ఆకుపచ్చ మందులు సెప్టిక్ ట్యాంకుకి హాని చేయనట్టుగా తయారుచేసినవి. సీసా మీద ఆ మాట రాసి ఉందో లేదో చూసుకోవడం మేలు, ఒట్టి రంగునే నమ్ముకోకూడదు.

ఆవిడ ఆ రాత్రి కొట్టం పక్కనున్న టాయిలెట్ తాళం తీసి అమ్మకి చూపించింది. అమ్మ ఒక్క ముక్క ఇంగ్లీషు మాట్లాడకుండా, ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

మర్నాడు పొద్దున్న ఆవిడే దారి చెప్పింది. పట్టణం అంచున, పెద్ద మురుగు గొట్టానికి కలిపిన ఒక క్యాంప్‌సైట్ ఉంది, బస చేయనివాళ్లని కూడా డబ్బులు తీసుకుని వాడుకోనిస్తారు. ముందు ఫోను చేయమంది. ఈ ఫోను అన్నది చిన్న విషయం కాదు. కొన్ని సైట్లు బస చేసేవాళ్లకే అంటాయి, కొన్ని క్లబ్బు సభ్యులైతే చాలంటాయి, కొన్ని మధ్యాహ్నం బండ్లు తక్కువున్నప్పుడు రమ్మంటాయి. యాప్‌లలో, అంటే పార్క్‌ఫర్‌నైట్, సెర్చ్‌ఫర్‌సైట్స్ లాంటివాటిలో, ఈ తేడాలు సరిగ్గా ఉండవు. గుర్తు కనబడగానే సంబరపడకుండా, చివరి వ్యాఖ్య ఏ నెలలో రాశారో చూడాలి. జులైలో బాగుందన్న చోటు నవంబరులో తాళమేసి ఉంటుంది. చాలా సైట్లు మార్చి నుంచి అక్టోబరు వరకే. తర్వాత గడ్డకడుతుందని కుళాయిలు కూడా కట్టేస్తారు. ఇంకోటి, పల్లెల్లో పోస్ట్‌కోడ్ ఒక్కటే కొడితే జీపీఎస్ పక్క పొలం గేటు ముందు నిలబెడుతుంది. ఒక్కో కోడ్ కింద అన్ని పొలాలుంటాయి.

సీడీపీ చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. గోడకానుకుని సిమెంటు తొట్టి, మధ్యలో గొట్టం నోరు, మూత, పక్కన కురచ పైపు ఉన్న కుళాయి. క్యాసెట్ మూతి బయటికి తిప్పి, మూత తీసి, వొంపేటప్పుడు వెనకున్న చిన్న బటన్‌ని బొటనవేలితో నొక్కిపట్టాలి. గాలి లోపలికి పోయి ధార నిదానంగా వస్తుంది. నొక్కకపోతే గళగళమని చిమ్ముతుంది, ఎక్కడ చిమ్ముతుందో చెప్పను. మా ఆయన మొదటిసారి నొక్కలేదు. తర్వాత రెండు మూడుసార్లు నీళ్లు పోసి కడిగి, తొట్టి కూడా కడిగి రావాలి. ఆ కుళాయి మీద తాగే నీళ్లు కాదని రాసి ఉంటుంది. ఎంత తొందరలో ఉన్నా ఆ పైపుతో మంచినీళ్ల ట్యాంకు నింపకండి. మన ముందువాళ్లు ఆ పైపు కొసని క్యాసెట్ లోపలికి దూర్చి కడిగి ఉంటారు. తాగునీటి కుళాయి దగ్గర క్యాసెట్ కడగడం కూడా అంతే తప్పు.

గ్రే నీళ్ల గురించి ఒక ముక్క. అవి మలం కాదు కదా అని చాలామంది రోడ్డు మీద వాల్వు తెరిచేస్తారు. ఆ జాలీ, ఆ చేప బొమ్మ గుర్తున్నాయి కదా. ఇక మన వంట సంగతి. పప్పు గిన్నె, పోపు నూనె, బియ్యం కడిగిన నీళ్లు. ఊళ్లో అయితే కుడితి తొట్టిలోకి పోయి గేదె తాగేది. ఇక్కడ ట్యాంకులో రెండు రోజులుంటే వాసన క్యాసెట్‌ని మించిపోతుంది. గిన్నెల్ని కాగితంతో తుడిచి చెత్తలో వేశాకే కడగడం మొదలుపెట్టాం. కరివేపాకు మాత్రం ఎంత జాగ్రత్తపడ్డా వాల్వులో ఇరుక్కుంది. సీఎల్‌లలో బండి తోలుకొచ్చే జాలీ ఉండకపోవచ్చు, బకెట్ పట్టి మోసుకెళ్లి పొయ్యాలి. కొందరు రైతులు ఫలానా కంచె మొదట్లో పొయ్యమంటారు. వాళ్లు చెబితేనే పొయ్యాలి.

వీటన్నిటి వల్లా మేం ప్రయాణం వేసుకునే పద్ధతే మారింది. చూసే ఊళ్లు ముందు రాసుకుని తర్వాత క్యాసెట్ సంగతి ఆలోచించడం మానేశాం. రెండు రాత్రులకోసారి సీఎల్‌లో గానీ పెద్ద సైటులో గానీ బస ఉండేలా ముందు గీత గీసి, మధ్యలో రాత్రి ఎక్కడైనా, పబ్బయినా సరే అనుకున్నాం. ఆ పట్టణం కొట్లో ఆకుపచ్చ సీసా కొన్నాం. నీలం సీసా మూత బిగించి బండితో పాటే అద్దెవాళ్లకి అప్పజెప్పాం.

ఆ రోజు సాయంత్రం నిజానికి లేక్ డిస్ట్రిక్ట్ వెళ్లాల్సింది. నాన్న మళ్లీ ఆ పెద్దావిడ పొలానికే పోదామన్నారు. ఆకుపచ్చ సీసా చూపించగానే ఆవిడ మూత తనే ఎత్తింది. నాన్న ఆ గొట్టం వైపు చూసి, తనకొచ్చిన ఇంగ్లీషులో, ఇది ఎక్కడికి పోతుందని అడిగారు. ఆవిడ వేలితో వాలు కింద గొర్రెలు మేసే చోటు చూపించింది. ఇద్దరూ బూట్లు మార్చుకుని దిగారు. ఇంకుడు పైపుల వరస ఎక్కడ మొదలవుతుందో, వాగుకి ఎన్ని అడుగుల దూరంలో ఆగుతుందో ఆవిడ చెబుతుంటే, నాన్న చేతులు వెనక్కి కట్టుకుని అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచారు. అమ్మ రెండుసార్లు టీ వేడి చేసింది.